దుప్పటి కప్పిన డ్రమ్ములు

ఇది ఒక రాక్ బ్యాండ్ ఉత్థాన పతనాల మహాగాథ. ఉత్థానం తార్నాకలో రెండో అంతస్తు దాకా జరిగింది. అక్కణ్నుంచి పడ్డా పెద్దగా దెబ్బలు తగలవు కాబట్టి గాథ అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బ్యాండ్‌లో ముగ్గురం. పాడుతూ గిటార్ వాయించేవాడొకడు, డ్రమ్మర్ ఒకడు, బేస్ గిటార్‌తో నేను. బేస్ అంటే, ఆపేస్తే తప్ప ఉన్నట్టు తెలియని వాయిద్యం. యూనివర్సిటీ హాస్టల్లో మొదలయ్యాం. అప్పట్లో మా పాటలన్నీ చెవులు పగిలేలా ఉండేవి. అది తిరుగుబాటు అని మా గాయకుడు చెప్పుకునేవాడు. నిజానికి ఎవరి తప్పు ఎవరికీ వినపడకుండా డ్రమ్మర్ కాపాడేవాడు.

చదువులయ్యాక ప్రాక్టీసుకని తార్నాకలో గది తీసుకున్నాం. కింద ఇంటివాళ్లు. మొదటి రోజే ఆంటీ పైకొచ్చి, "పాట పర్లేదు బాబూ, ఆ దడదడలే వద్దు. అంకుల్‌కి గుండె ఆపరేషనైంది" అన్నారు. గుండె ఆపరేషన్‌తో వాదించే రాక్ బ్యాండ్ ఇంకా పుట్టలేదు.

డ్రమ్ముల మీద దుప్పట్లు కప్పాం. చాలలేదు. చివరికి డ్రమ్మర్ ఖాళీ వాటర్ క్యాన్‌ను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో వాయించడం మొదలుపెట్టాడు. దానికి తగ్గట్టు పాటలు నెమ్మదించాయి. మొదటిసారి మాటలు వినపడ్డాయి, దాంతో గాయకుడు కొత్తవి రాయాల్సి వచ్చింది. రెండేళ్లకు ఇంటర్నెట్‌లో ఎవరో మా సంగీతానికి పరిణతి వచ్చిందని రాశారు. ఆ పరిణతి కింది అంతస్తు నుంచి వచ్చిందని మేం ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు క్యాంపస్‌లో ఫెస్ట్‌కు పిలిచారు. స్టేజీ మీద పూర్తి డ్రమ్ సెట్ ఉంటుందని తెలిసి డ్రమ్మర్ వారం నుంచీ దాని గురించే మాట్లాడాడు. కూర్చున్నాడు, కర్రలెత్తాడు, కొట్టాడు. పసిపిల్ల నిద్రపోతున్న ఇంటి తలుపు తట్టినట్టుంది. మిక్సర్ దగ్గరున్నాయన గట్టిగా కొట్టమని రెండుసార్లు సైగ చేశాడు. ముందు వరుసలోంచి ఎవరో "అన్నా, కొట్టు, ఏం కాదు" అని ధైర్యం కూడా చెప్పారు. చేయి బాగానే లేచేది, కిందికి వచ్చేసరికి దానంతటదే ఆగిపోయేది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. మా నిశ్శబ్దం బాగుందన్నారు.

స్టేజీ వెనక అతను కర్రలు బ్యాగులో పెట్టి జిప్పు వేశాడు. "మీకు కొత్త సౌండ్ దొరికింది. నా చెయ్యి పోయింది. ఇగ నేను రాను" అన్నాడు. గాయకుడు కళ గురించి ఏదో మొదలుపెట్టబోతే వాడి కాలు తొక్కాను. నా దగ్గరా జోకు లేదు.

మర్నాడు మాణికేశ్వర్ నగర్‌లో డ్రమ్మర్ ఇంటికి వెళ్లాను. టీ అయిపోయేదాకా క్రికెట్ మాట్లాడుకున్నాం. తర్వాత అడిగాడు.

"నిజం చెప్పు. నేను లేకున్నా మీ పాట నడుస్తదా?"

"నడుస్తది. మంచిగనే నడుస్తది. గందుకే వచ్చిన."

అతను లేకపోయినా ఎవరికీ తేడా తెలియని స్థితికి పాటను తెచ్చింది మేమే. అది ఒప్పుకోవడానికే వెళ్లాను. "ఓదార్చనీకి నిన్నే పంపిన్రా? ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు.

ఆదివారం గదికి వచ్చాడు. క్యాన్ ఒళ్లో పెట్టుకున్నాడు. గట్టిగా కొట్టే పాట ఒకటి చేద్దామని, దానికోసం వేరే చోటు వెతుకుదామని గాయకుడే అన్నాడు. వాడి కళ్లు కొంచెం తడిగానే ఉన్నాయి. స్నేహం గెలిచిందని వాడి అభిప్రాయం. నేనూ దాదాపు నమ్మాను. కాకపోతే గది అగ్రిమెంటు డ్రమ్మర్ పేరు మీద ఉంది, ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలి, అప్పటిదాకా వచ్చినా రాకున్నా అద్దె అతనే కట్టాలి.