ఎనిమిది రైట్ మార్కులు

కదిరి దగ్గరి పల్లెకు బదిలీపై వెళ్ళిన కొత్తలో, బడి వదిలాక నాతో మాట్లాడేవాళ్ళే లేరు. అందుకే సోలార్ ప్లాంటు పనికొచ్చిన ఎనిమిదిమంది ఒడియావాళ్ళకు సాయంత్రాలు వాళ్ళ షెడ్డులో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒకరోజు 'విల్', 'గోయింగ్ టు' వాడటం నేర్పి, రేపు ఏం చేస్తారో రాయమన్నాను. అందరూ 'రేపు ఇంటికి వెళ్ళిపోతున్నాం' అని ఇంగ్లీషులో ఒకేలా రాశారు. కాపీ కొట్టారని కసిరి, తప్పుల్లేవు కాబట్టి రైట్ మార్కులు పెట్టాను.

మర్నాడు బొరుగులు పొట్లం కట్టుకుని వెళ్తే షెడ్డు ఖాళీ.

"పొద్దున్నే రైలెక్కి పోయినారు మేడమ్. ఈడ పనైపాయ గదా. మీకు చెప్పలేదా?" అన్నాడు వాచ్‌మన్.

పొట్లం అతని చేతిలో పెట్టి వచ్చేశాను.

చెప్పారు. ఎనిమిదిమందీ రాసి మరీ చెప్పారు. నేనే, దిద్దాను గానీ చదవలేదు.