బండి ఎత్తడానికి కళింగపట్నం దాకా

మా పెరట్లో బైకు పడిపోవడంతో ఈ ప్రయాణం మొదలైంది.

కొత్తవలసలో నాకు చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. గాజులు, రిబ్బన్లు, పిన్నీసులు అమ్ముతాను. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేసి బైకు చైను కడిగి ఆయిలు వేసుకోవడం నాకున్న ఒక్కటే సరదా. ఇప్పటి బైకులు చాలావాటికి లాగే నా దానికీ పక్క స్టాండు తప్ప మధ్య స్టాండు లేదు. వెనక చక్రం గాల్లో తిరగకపోతే చైను కడగడం నరకం. అందుకని ఇంజను కింద ఇటుకలు పేర్చి, వాటి మీద చపాతీల పీట పెట్టి బండిని లేపాను. చక్రం రెండు రౌండ్లు ముచ్చటగా తిరిగింది. మూడో రౌండుకు పీట విరిగింది. బండి వెళ్లి కుళాయి మీద పడింది. కుళాయి ఊడి, మేడ మీది ట్యాంకులో నీళ్లన్నీ వీధిలోకి పోయాయి. ఎదురింటివాళ్లు కుర్చీలు వేసుకుని మరీ చూశారు.

నా భార్య సత్యవతి నీళ్లాగాక బయటికి వచ్చింది.

"కుళాయి మీద పడ్డాది కాబట్టి సరిపోనాది. మీ కాలు మీద పడితే ఏటి సేద్దుము? మా అన్నయ్య సొంతంగా కర్రతో స్టాండు సేసుకున్నాడట. ఎల్లి సూసి రండి. అందాకా ఆ రెంచీ ముట్టుకోకండి" అంది.

ఆమె అన్న అప్పలరాజు కళింగపట్నం పక్క ఊళ్లో వరి, వేరుశనగ పండిస్తాడు. నేను బావా అని పిలుస్తాను. మాదీ వ్యవసాయ కుటుంబమే, నేనొక్కణ్నే కొట్టు పెట్టాను. పిన్నీసులు అమ్మేవాడికి పానా పట్టుకోవడం రాదని బావ గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి నా అంతట నేనే సాక్ష్యం తీసుకెళ్లాలంటే మనసొప్పలేదు. రెండు ఆదివారాలు బెట్టు చేశాను. చైను కీచుమనడం మొదలుపెట్టింది. మూడో శనివారం షాపు సత్యవతికి అప్పగించి, ఉదయం ఏడు దాటాక కొత్తవలసలో పాసింజరు ఎక్కాను.

విజయనగరంలో బెండకాయల బుట్టతో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడికెల్తన్నావు బాబూ?"

"కళింగపట్నం."

"సముద్రం సూడ్డానికా, లైటుహౌసు సూడ్డానికా?"

"స్టాండు సూడ్డానికమ్మా."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "బస్టాండు సూడ్డానికి అంత దూరమెందుకు? ఇజీనారంలోనే పెద్దది ఉన్నాది కదేటి?" అంది. విడమరచి చెప్పే ఓపిక లేక తలూపాను. చీపురుపల్లిలో దిగేదాకా ఆవిడ నన్ను జాలిగా చూస్తూనే ఉంది.

తొమ్మిదింపావుకు ఆమదాలవలస చేరాం. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, కొత్తవాళ్లు కంగారు పడొద్దు. బయట షేర్ ఆటోలు ఉంటాయి. అరగంటలో శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో అల్లం చట్నీతో నాలుగిడ్లీలు తిన్నాను. పది గంటల పది నిమిషాలకు కళింగపట్నం బస్సు. గార అనే ఊరు దాటాక కిటికీలోంచి ఎండుచేపల వాసన మొదలైతే, దిగాల్సిన చోటు దగ్గర పడిందని గుర్తు.

బావ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. "కుళాయి బాగున్నాదేటి?" అన్నాడు. నా క్షేమం ఆ తర్వాత అడిగాడు.

ఇంట్లో మజ్జిగ తాగాక పెరట్లోకి తీసుకెళ్లాడు. మా అత్త, అంటే బావ వాళ్లమ్మ, అక్కడే పీట మీద కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది. గోడకు ఆనించి ఉంది స్టాండు. పాత పడవ విప్పినప్పుడు కొన్న చెక్కతో చేశాడు. నేల మీద ఆనే రెండు పొడుగాటి బద్దలు, వాటిని కలిపి ఉంచే రెండు అడ్డకర్రలు. బద్దల చివర మోకాలెత్తున నిలువుగా బిగించిన రెండు నిట్రాటలు. వాటి పైన గాడి కోసి, సైకిలు ట్యూబు తొడిగాడు. రెండో చివర చేత్తో పట్టుకునే పిడి. తన బైకు వెనక చక్రాన్ని అటూ ఇటూ పట్టి ఉంచే ఇనుప కమ్మీలకు ఒక్కో పెద్ద బోల్టు బిగించాడు. గాడిలో ఆ బోల్టులు కూర్చోబెట్టి, పైకి లేచి ఉన్న పిడిని నేలదాకా నొక్కితే చక్రం గాల్లోకి లేస్తుంది.

"ఆగుతాదా?" అన్నాను.

"మూడు బస్తాల ధాన్యం రెండు రోజులు దీని మీద పెట్టినాను. కిర్రుమంటే ఒట్టు. అడ్డకర్ర ఒకటి సాలదు, రెండుండాల. లేకపోతే స్టాండు కాళ్లు ఎడమైపోతాయి. నేల సమంగా ఉండాల. తాళం తీసీయాల. ముందు చక్రానికి ముందొక ఇటుక, ఎనకొక ఇటుక. అన్నిటికన్నా ముందు, ముందు బ్రేకు నొక్కి ట్యూబు ముక్కతో కట్టీయాల. గేర్లో పెట్టినాను కదా అనుకోకు. ఎనక చక్రం లేసిపోయాక గేరు ఏటి సేస్తాది? అప్పుడింక బండిని ఆపేది ముందు బ్రేకే. బండికి అటుపక్క ఇంకో మనిషి పట్టుకోవాల."

ఇంత చెప్పి, కట్టడానికి ట్యూబు ముక్క తేవడానికి లోపలికి వెళ్లాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బావ తిరిగి వచ్చేసరికి చక్రం గాల్లో తిరుగుతూ కనిపిస్తే ఎలా ఉంటుందా అనిపించింది. పదకొండేళ్లుగా నా పిన్నీసుల మీద వేసిన హాస్యాలన్నిటికీ అదొక్కటే జవాబు అనుకున్నాను. బావ బైకును జరిపి, గాడిలో బోల్టులు చూసుకుని, పిడి నొక్కాను. చక్రం లేచింది. నేనూ ఛాతీ విరిచాను.

అంతలో బండి ముందుకు జరిగింది. పెరడు గుమ్మం వైపు కొద్దిగా వాలుంటుందని అప్పుడు తెలిసింది. బోల్టులు గాడిలోంచి జారాయి. వెనక చక్రం దబ్బున నేల మీద పడింది. ముందుకు కదలడంతో పక్క స్టాండు దానంతటదే వెనక్కి ముడుచుకుంది. బండి ఎడమ పక్కకు ఒరగసాగింది. ఎడమ పక్క మా అత్త ఉంది.

పట్టుకుందామంటే నా కాళ్లు కదల్లేదు. అత్త చేతిలో వేరుశనగకాయ అలాగే ఉంది, తలెత్తి పడబోతున్న బండిని చూస్తోంది.

బావ ఎలా వచ్చాడో తెలియదు. హ్యాండిలు ఒక చేత్తో, సీటు ఒక చేత్తో పట్టి, తన తొడను బండికి అడ్డుపెట్టి ఆపాడు. నాకు అప్పుడు కాళ్లొచ్చాయి. ఇద్దరం కలిసి బండిని నిలబెట్టి పక్క స్టాండు వేశాం.

బావ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అత్త పక్కన చతికిలబడి, చెప్పు విడిచి, కుడికాలు నా ముందు చాచాడు. బొటనవేలికి గోరు లేదు. వేలు కొంచెం పక్కకు తిరిగి ఉంది.

"సేపల మీద జారిపడ్డానని అందరికీ సెప్పినాను కదా. అది అబద్ధం. మొదట సేసిన స్టాండుకి ఒక్కటే అడ్డకర్ర పెట్టినాను. దాని కాళ్లు ఎడమై బండి నా కాలు మీద పడ్డాది. నాలుగు వారాలు మంచం మీద ఉన్నాను. సెప్పడానికి నామోషీ అనిపించినాది. అప్పుడే నీకు సెప్పుంటే, నువ్వు ఇటుకలు పేర్సుదువేటి?"

అప్పటిదాకా అతనికి నా మీద నవ్వడమొక్కటే తెలుసనుకున్నాను. ఆ మాట అనేటప్పుడు బావ నా వైపు చూడలేదు, అత్త పాదాల వైపు చూస్తున్నాడు.

అత్త మాత్రం వేరే లెక్కలో ఉంది. "అయితే నువ్వు సేపల మీద జారనేదా?" అంది.

"నేదమ్మా."

"ఒరే అప్పలరాజూ! దారిలో సేపలు పారబోసి నా కొడుకు కాలు ఇరగ్గొట్టినావని ఆ నీలమ్మని నాను తిట్టని తిట్టు నేదురా! మూడు నెల్లై దాని దగ్గర సేప కొనడం మానీసినాను. అది ఏడ్సుకుంటా ఎల్లినాది. ఇప్పుడు నా మొగం ఎక్కడ పెట్టుకోను?"

బండి మీద పడబోయినందుకు బెదరని మనిషి ఇందుకు గొల్లుమంది. ఒళ్లో వేరుశనగలు దులిపి లేచింది. బావ భార్య గౌరక్క అడ్డుకున్నా వినకుండా, ఎండలో సముద్రం ఒడ్డుకు బయల్దేరింది. మేమిద్దరం దోషుల్లా వెనకాల నడిచాం. కళింగపట్నం తీరంలో చేపలు ఆరబెట్టిన చోట నీలమ్మ తాటాకు బుట్టలు సర్దుకుంటోంది. అత్తను చూడగానే లేచి నడుముకు కొంగు బిగించింది.

"తిట్టడానికి రానేదే. తిట్టించుకోడానికి వచ్చినాను" అంది అత్త.

నీలమ్మ విషయమంతా విని బావను ఎగాదిగా చూసింది. "ఆడి అబద్ధానికి నా సేపలే దొరికినాయేటి? కొబ్బరిపీసు మీద జారినానని సెప్పొచ్చు కదా!" అంది. తర్వాత ఇద్దరూ కొంత ఏడ్చారు, ఎక్కువ నవ్వారు. ఆ రోజు గౌరక్క వండిన ఎండు నెత్తళ్ల పులుసు నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి బావ మళ్లీ పెరట్లోకి పిలిచాడు. ఈసారి బ్రేకు నేనే కట్టాను, ఇటుకలు నేనే పెట్టాను. బావ అటుపక్క పట్టుకున్నాడు. చక్రం లేచాక సీటు పట్టుకుని మెల్లగా ఊపి చూడమన్నాడు. "ఊగితే దించీ. ఊగకపోతేనే పానా తియ్యి" అన్నాడు. ఊగలేదు. ఐదుసార్లు ఎత్తించి, ఐదుసార్లు దింపించాడు. అత్త ఈసారి వీధి అరుగు మీద కూర్చుంది.

మర్నాడు ఎనిమిదిన్నర బస్సుకు తిరుగు ప్రయాణం. నా కోసం రెండో స్టాండు బావ ముందే చేసి పెట్టాడట. మోతుబరి బుగతలా చేతులూపుకుంటూ వచ్చినవాణ్ని, పొడుగాటి బద్దల ఆ స్టాండును భుజాన వేసుకుని బస్సెక్కాను. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొట్టి, "ఏ మంచానివండీ ఈ కోళ్లు?" అన్నాడు. నా పక్క సీట్లోని ముసలాయన స్టాండును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, లేచి రెండు సీట్లు ముందుకు వెళ్లిపోయాడు. అక్కడి నుంచి మెల్లగా అడిగాడు.

"ఎవరికి బాబూ?"

"బండికి తాతా."

"పోనాదా?" అని నొచ్చుకున్నాడు.

అది పాడె కాదని ఆయనకు నమ్మకం కుదిరేసరికి శ్రీకాకుళం వచ్చేసింది.

ఆమదాలవలసలో రైలు పదిన్నరకు. స్టాండును తలుపు పక్కన నిలబెట్టి నేనూ అక్కడే నిలబడ్డాను. గరివిడిలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన ఒకాయన టిఫిను బాక్సుతో ఎక్కాడు. స్టాండును ఏమిటని అడగలేదు. చూసీ చూడగానే వంగి, అడ్డకర్రలు పట్టుకుని ఊపి, గాడిలో వేలు పెట్టి చూశాడు. దీన్ని చూసి పోల్చుకున్న మొదటి మనిషి ఆయనే.

"మా తమ్ముడు ఇటుకల మీద ఎత్తుతాడండి. ఎన్ని సెప్పినా ఇనడు" అన్నాడు.

జానతో కొలిచి, కొలతలు అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. కొలతలొక్కటే చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఊరుకోలేకపోయాను. పీట విరగడం దగ్గర మొదలుపెట్టి, మా అత్త వైపు ఒరిగిన బండి దాకా అంతా చెప్పేశాను. పెట్టెలో పదిమంది విన్నారు, కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

విజయనగరంలో దిగిపోయాడు. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు పరుగెత్తి, "ముందు బ్రేకు ఏటితో కట్టమన్నారండీ?" అని అరిచాడు.

"ట్యూబు ముక్కతో! గట్టిగా!" అని నేనూ తలుపులోంచి అరిచాను.

ఆయన అరచెయ్యి ఎత్తి చూపించి, అక్కడే నిలబడి దాని మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. కళింగపట్నంలో లైటుహౌసు ఉంది, నది సముద్రంలో కలిసే చోటు ఉంది. వెళ్లేవాళ్లు అవన్నీ చూడండి. నేను ఒక్కటీ చూడలేదు. అయినా ఏదీ చూడకుండా వచ్చానని ఆ రైల్లో నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.