మామ ఫోను నా జేబులో ఉన్న రోజు

మా నీళ్ళ ఆఫీసులో ఆయన్ని అందరూ పాముచెవుల మామ అనేవారు. నాకు చుట్టరికమేమీ లేదు. నేను మీటర్లు చూసే పనిలో చేరిన మొదటి రోజు "రా అల్లుడూ, టీ తాగుదాం" అన్నాడు. ఆ రోజునుంచి నేను అల్లుణ్ణి, ఆయన మామ, వాళ్ళావిడ అత్త. ఆ పిలుపుకి నేను తగనని ఇప్పుడు తెలుసు. అయినా ముందు ఆయన సంగతి చెప్పాలి, నా సంగతి తర్వాత.

మామ పని భూమిలో నీళ్ళ చప్పుడు వినడం. రోడ్డు కింద ఎక్కడో గొట్టం పగిలి నీళ్ళు కారిపోతుంటాయి, పైకి తడి కూడా కనపడదు. మామ నాలుగడుగుల ఇనప కడ్డీ ఒక కొస రోడ్డుకీ, రెండో కొస చెవి వెనక ఎముకకీ ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఒక్కోసారి గంట. తర్వాత రెండడుగులు జరిగి సుద్దతో గుండ్రంగా గీసి "ఇక్కడ తవ్వండి" అంటాడు. తవ్వితే నీళ్ళు ఉండాల్సిందే. అసలు గుంటలు తవ్వే కూలీగా చేరినవాడాయన. ఒకరోజు మేస్త్రీ తప్పుచోట తవ్విస్తుంటే "అక్కడ కాదండీ, ఆ గోడ పక్కన కారుతోంది" అన్నాడట. "నీకేం తెలుసురా, నోరు మూసుకుని తవ్వు" అని కసిరిన మేస్త్రీ, మూడు గుంటలు వృథా అయ్యాక ఆ గోడ పక్కనే తవ్వించి, మర్నాడు కడ్డీ తెచ్చి చేతికిచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కడ్డీ మామ దగ్గరే ఉంది.

అత్త మాత్రం ఆ చెవుల గొప్ప ఒప్పుకునేది కాదు. "ఊరందరి నీళ్ళూ వినపడతాయి ఈయనకి. వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం చెవుడు" అనేది, కుట్టుమిషను తొక్కుతూ. మామ నావైపు తిరిగి కన్నుగీటేవాడు.

ఇలా ఉండగా ఆఫీసువాళ్ళు మా అందరి ఫోన్లలోనూ హాజరు యాప్ పెట్టించారు. సారు గదిలో గోడమీద పెద్ద తెర, అందులో ఊరి మ్యాపు, అందులో మేమంతా చుక్కలం. నడిచేవాడు పచ్చచుక్క. పావుగంట కదలకపోతే ఎర్రచుక్క. రోజులో రెండుసార్లు ఎర్రబడితే ఆ పూట హాజరు లేదు. ఇల్లిల్లూ తిరిగే మాకు ఫరవాలేదు. నిలబడటమే పనైన మామకి మాత్రం గండంలా దాపురించింది. మొదటి నెల్లో పదకొండు పూటలు కొట్టేశారు.

మామ వెళ్ళి సారుని అడిగాడు. "నిలబడకపోతే వినపడదండీ."

"నడుస్తూ వినండి" అన్నాడు సారు, తెరమీంచి చూపు తిప్పకుండా.

అప్పట్నుంచి మామ ఒక కన్ను ఫోను గడియారం మీద పెట్టి వినడం మొదలెట్టాడు. పద్నాలుగో నిమిషం రాగానే కడ్డీ ఎత్తేసి, వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. తిరిగొచ్చేసరికి పట్టుకున్న చప్పుడు పోయేది. మూడుచోట్ల గీస్తే మూడుచోట్లా పొడిమట్టి పడింది. కూలీలు నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి వాళ్ళు పడ్డ అవస్థ మామ చూశాడు. ఆ సాయంత్రమే ఆయన ఫోను నా చేతిలోకి తీసుకున్నాను.

ఫోన్ల సంగతి నాకు కాస్త తెలుసని నా నమ్మకం. ముందు లొకేషన్ ఆపేశాను. యాప్ ఊరుకోలేదు, సారుకి కబురు పెట్టింది, మామకి మెమో వచ్చింది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. చుక్క ఉన్నచోటే ఉండిపోయి ఎర్రబడింది. ఎవరో చెప్పారని అన్నం పొట్లాలకి చుట్టే వెండి కాగితంలో ఫోను చుట్టాను. చుక్క మాయమైంది, ఇంకో మెమో వచ్చింది. లేనిచోట ఉన్నట్టు చూపించే యాప్ ఒకటి ఎక్కిస్తే ఆఫీసు యాప్ దాన్ని పసిగట్టి మొత్తం మూతపడింది. అది మూడో మెమో. "నువ్వు బాగుచేసింది చాల్లే, అల్లుడూ" అన్నాడు మామ.

అప్పుడు తట్టింది నాకు. "ఫోన్ని మభ్యపెట్టడం దేనికి మామా? ఫోన్ని నాకిచ్చెయ్. నేనెలాగూ పొద్దస్తమానం తిరిగేవాణ్ణే. నీ చుక్క నాతోపాటు తిరుగుతుంది, నువ్వు నీ ఇష్టం వచ్చినంతసేపు నిలబడు."

"తప్పేమోరా."

"మెడలో గంట కట్టినట్టు మన జేబులో ఇది పెట్టడం తప్పు కాదా?" అన్నాను. మాటల్లో నన్ను మించినవాడు లేడు అప్పట్లో.

రెండు షరతులు కూడా నేనే పెట్టాను. ఎటు వెళ్తున్నాడో నాకు చెప్పకూడదు. ఎవరైనా అడిగితే నేను అబద్ధమాడే పని ఉండదు. ఆయనకి ఫోనొస్తే నేను ఎత్తకూడదు, మాట బయటపడుతుంది. పొద్దున ఎనిమిదింటికి టీ కొట్టు దగ్గర ఫోను తీసుకునేవాణ్ణి, రెండింటికి ఆయన వినే పని అయ్యాక అక్కడే తిరిగిచ్చేవాణ్ణి. నాలుగు నెలలు నల్లేరు మీద బండిలా సాగింది. మామ గీసినచోటల్లా మళ్ళీ నీళ్ళు పడ్డాయి. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ మంగళవారం పన్నెండున్నరకి గోడౌన్ల వెనక సందు దాటుతుంటే నా జేబులో మామ ఫోను మోగింది. తెరమీద 'ఇల్లు' అని ఉంది. అత్త రోజూ ఒకసారి చేసేది, నేను ఎత్తేవాణ్ణి కాదు, రెండింటికి మామే తిరిగి చేసేవాడు. ఆగింది. మళ్ళీ మోగింది. రెండింటిలోగా నాలుగుసార్లు చేసింది.

రెండింటికి మామ రాలేదు. రెండున్నరకీ రాలేదు. ఏ చప్పుడో పట్టుకుని ఒళ్ళు మరిచి ఉంటాడనుకున్నాను. అంతవరకూ నన్ను మన్నించవచ్చేమో. మూడయింది. ఆయన ఎటు వెళ్ళాడో నాకు తెలియదు, తెలియకుండా కట్టడి చేసింది నేనే. ఆఫీసుకి వెళ్ళి చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఏం చేశానో తెలుసా? టీ కొట్టు దగ్గరే ఉంటే అప్పటికే ఒకసారి ఎర్రబడ్డ చుక్క మళ్ళీ ఎర్రబడుతుందని భయపడి లేచి, మామ ఫోను పట్టుకుని మళ్ళీ వీధులు తిరిగాను. అయిదింటిదాకా తిరిగాను. అత్త ఇంకో మూడుసార్లు చేసింది.

నాలుగింటికి ఆవిడ ఆఫీసుకి వెళ్ళిందట. సారు తెర చూపించి "ఎందుకమ్మా కంగారు? అదిగో, ఇప్పుడే బజారు వీధి దాటాడు, హాయిగా తిరుగుతున్నాడు" అన్నాడట. ఆవిడ దణ్ణం పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

డ్యూటీ అయ్యాక ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆరింటికి గోడౌన్ల వెనక గోనెసంచులు మడతపెడుతున్న ఒకావిణ్ణి అడిగితే "మనిషిని చూళ్ళేదయ్యా. పొద్దున్నుంచీ ఎవరో ఇనుము కొడతా ఉన్నారు ఆ మూల. ఇందాకే ఆగిపోయింది" అంది. పరుగెత్తాను. రోడ్డు పక్క వాల్వు గుంట, నిలువెత్తు లోతు. పైన సిమెంటు పలక విరిగి ఉంది. మామ అడుగున కూలబడి ఉన్నాడు, పలక ముక్క ఎడమకాలి మీద, కడ్డీ చేతిలో, పక్కనే గొట్టం. అంబులెన్సుకి ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చేలోపు గుంటలోకి దిగి, ఆయన ఫోను తీసి ఆయన చొక్కా జేబులో పెట్టాను. మామ కళ్ళు తెరిచే ఉన్నాయి.

కాలు మోకాలి కిందికి తీసేశారు. మధ్యాహ్నం తెచ్చి ఉంటే దక్కేదని డాక్టరు నాతోనే చెప్పాడు, వెతికి పట్టుకున్నవాణ్ణని.

తర్వాత విచారణ. మ్యాపు ప్రకారం మామ సాయంత్రం అయిదింటిదాకా వీధులన్నీ తిరిగాడు. ఆ గుంట దగ్గరికి వచ్చింది ఆరు దాటాక. అంటే పడింది డ్యూటీ అయ్యాక, సొంత పనిమీద. కాబట్టి ఆఫీసు ఖర్చుతో వైద్యం లేదు, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమూ లేదు, ఇంటికి పొమ్మన్నట్టే. "ఉదయం తొమ్మిదింటికే పడ్డానండీ" అన్నాడు మామ. "మరి ఫోను?" అన్నారు. "నా జేబులోనే ఉంది" అన్నాడు. నొప్పికి మతి చెదిరిందని రాసుకున్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. పెదవి విప్పలేదు.

మూడు వారాలు అలా గడిచాయి. రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి. "నువ్వు దేవుడిలా కనిపెట్టావు నాయనా" అని అత్త నాకు టీ పోసిచ్చేది. ఒకరోజు వరండాలోకి పిలిచి అడిగింది.

"ఆ పొద్దున ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. అన్నం డబ్బా కూడా తీసుకోకుండా పోయాడు. మధ్యాహ్నం ఏడుసార్లు చేశాను, ఎత్తలేదు. నీకేమైనా చెప్పాడా? అంత కోపమా నామీద?"

ఇన్నాళ్ళూ నేను మోయాల్సింది ఆవిడ మోస్తోంది. "ఫోను నా దగ్గరుంది అత్తా" అన్నాను. మొత్తం చెప్పాను.

ఆవిడ అరవలేదు. "ఏడుసార్లూ చూశావా?" అంది.

"చూశాను."

"ఒక్కసారి ఎత్తి, అత్తా, నేను అంటే సరిపోయేది కదరా" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడే ఫోను సంగతి రాసిన కాగితం సారు బల్లమీద పెట్టాను. తెరమీద పాత రోజులు వెనక్కి తిప్పి చూస్తే నాలుగు నెలలుగా మా రెండు చుక్కలూ కలిసే నడిచాయి, ఎవరూ గమనించలేదు. నా ఉద్యోగం పోయింది, పోవాల్సిందే. డ్యూటీలోనే పడ్డాడని ఒప్పుకుని మామకి ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. కొత్తవాళ్ళకి చప్పుళ్ళు నేర్పుతాడు.

మామ ఇంటికి వచ్చాక నన్ను కబురంపి పిలిపించాడు. పక్కగదిలో అత్త కుట్టుమిషను ఆడుతోంది. మామ గొంతు తగ్గించాడు.

"ఆ మధ్యాహ్నం నా ఫోను మోగడం విన్నాను అల్లుడూ. గుంటకి పైనే. చెప్పుల చప్పుడు నీదే. కడ్డీతో గొట్టాన్ని ఎంత గట్టిగా కొట్టానో. చెప్పులు ఆగాయి. మళ్ళీ వెళ్ళిపోయాయి." పక్కగది మిషను ఆగలేదని చెవి ఒగ్గి చూసుకున్నాడు. "నీకు వినపడిందా?"

రేకుల షాపులో కొడుతున్నారనుకున్నానని చెప్పొచ్చు. చెప్పాలనే నోరు తెరిచాను. చేతిలో రెండు ఫోన్లు, ఒకటి మోగుతోంది, ఎవరైనా చూస్తారన్న భయం. అందుకే ఆ చప్పుడేమిటో చూడకుండా గబగబా నడిచాను.

"వినపడింది మామా."

ఆయన చెయ్యి చాచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ ముక్క కాగితంలో రాశావా?"

"లేదు."

"రాయకు. మీ అత్త తట్టుకోలేదు" అన్నాడు.

ఇన్నాళ్ళూ రాయలేదు. అత్త మొన్న పోయింది. ఇప్పుడు రాశాను.