ఒక్క గింజ మిగిలిన రాక్షసుడు

ఎవరు ఎదురైనా వాళ్ళ ఒంట్లో బలమెంతో కనుక్కొని, దానికి తగిన రాక్షసుణ్ణి తయారు చేయడం గురునాథం అయ్యవారి అలవాటు. ఇంకే అలవాటూ లేదు. పొడుం పీల్చడు, పేకాడడు, ఎన్నికల ఊసెత్తడు. ప్రొద్దుటూరులో ఒక ఎలిమెంటరీ స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేవాడు. జీతం వచ్చేది అందుకే గానీ, ఆయన బతికింది మాత్రం రాక్షసుల కోసం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి రోజుల మాట ఇది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటి వసారాలో ఆట ఆడేవాళ్ళం. బండల మీద అయ్యవారు సుద్దముక్కతో దారి గీసేవాడు. ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగు మీదుగా పోయి, పెన్న దాటి, గండికోట లోయలో ఉన్న గుహకు చేరాలి. దారిలో దొంగలు, పాములు, పెన్న వరద అన్నీ ఆయనే. గొంతు మార్చి మార్చి చెప్పేవాడు. వీరులం మేం ముగ్గురం. సైకిల్ షాపు వలి బాషాకు కత్తి, కొండయ్య మామకు డాలు ఇచ్చాడు. తపాలా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకు మాత్రం మంత్రం ఇచ్చాడు. నాకు అప్పట్లో దగ్గు ఉండేది. కత్తి ఎత్తితే ఆయాసం వస్తుందని ఆయన అభిప్రాయం.

గుహలో రాక్షసుడు. వాడి ప్రాణం ఒక ఇత్తడి భరిణెలో గురిగింజలుగా ఉంటుంది. తలా మూడు సార్లు ఆరు గవ్వలు వేస్తాం. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గింజలు అయ్యవారు భరిణెలో చెయ్యి పెట్టి బయటికి తీస్తాడు. గింజలు అయిపోతే వాడు చచ్చినట్టు. రెండేళ్ళలో వంద మంది రాక్షసులు వచ్చారు. ఒక్కడూ చావలేదు. ప్రతిసారీ ఆఖరి గవ్వలు పడ్డాక అయ్యవారు భరిణె వంచి చూపేవాడు. అడుగున ఒక్క గింజ ఉండేది.

"ఇదేంది అయ్యవారా, ఎప్పుడు జూసినా ఒగటే మిగుల్తాది?" అనేవాడు వలి బాషా.

"నన్నడిగితే? వాన్నడుగు" అని భరిణె వైపు చూపేవాడు అయ్యవారు.

నేను మాత్రం ఎప్పుడూ అనుమానపడలేదు. ఎందుకంటే ఆ ఒక్క గింజ వెనక ఎంత శ్రమ ఉందో నాకు తెలుసు. శనివారం సాయంత్రం అయ్యవారు మా ముగ్గురి ఇళ్ళకూ వచ్చి బలాలు కనుక్కునేవాడు.

"సీతాపతీ, దగ్గు తగ్గిందా?"

"కొంచెం తగ్గిందయ్యవారా."

"కొంచెం అంటే నాకు చాలదప్పా. రాత్రి ఎన్నిసార్లు లేసినావు? సంగటి ఎన్ని ముద్దలు తిన్న్యావు?"

"ఒకటిన్నర."

"ఆ సగం యాల వదిలిపెడితివి? నీ బలం తక్కువైతే రాక్షసున్ని తగ్గించాల. పిల్లికూన మాదిరి రాక్షసున్ని పెట్టుకొని నేను ఆదివారం మొగమెట్ల చూపించేది?"

ఆయన కళ్ళెదుటే ఆ సగం ముద్ద కూడా తినాల్సి వచ్చేది. నన్ను నెలరోజులు పులివెందులకు డ్యూటీ మీద పంపితే, అక్కడికి కూడా కార్డు వచ్చింది. "దగ్గు ఉన్నదా, లేదా? వివరముగా వ్రాయుము. రాక్షసుడు ఆగి ఉన్నాడు." ఆ కార్డు పులివెందుల పోస్టుమాస్టరు మొదట చదివాడు. ఆ నెలంతా ఆయన నాతో కాస్త దూరంగా నిలబడి మాట్లాడాడు.

అసలు గొడవంతా కొండయ్య మామతో. ఆయన ముప్పై ఏళ్ళు ఒక నగల కొట్లో బంగారం తూచినవాడు. పాతకాలం మనిషి, గురిగింజలతో తూచేవాడు. భార్య కామేశ్వరమ్మ పోయాక కొట్టు మానేశాడు, పొయ్యి వెలిగించడం మానేశాడు, వీధి తలుపు తీయడం కూడా మానేశాడు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళంతా తలుపుతో మాట్లాడి వచ్చేవాళ్ళు. అయ్యవారు ఒక్కడే పలకరించడానికి వెళ్ళలేదు.

"మామా, నాకు గురిగింజలు కావాల. రాక్షసున్ని చేస్తాండా" అన్నాడు తలుపు బయట నిలబడి.

"ఏం జేస్తాండావు?" అని లోపల్నుంచి వినపడింది. తలుపు తెరుచుకుంది. ఎంత దుఃఖంలో ఉన్న మనిషయినా ఆ మాట విని తలుపు తీయకుండా ఉండలేడు.

మా ఆట అట్లా మొదలైంది. శనివారం అయ్యవారు అడిగేవాడు, "మామా, ఏం వండుకున్న్యావు?"

"ఏం వండుకోలే."

"అయితే నీ బలం సున్నా. నా రాక్షసుని పరువేం గావాల? లెయ్, మా ఇంటికి పోదాం."

పాపం సుశీలమ్మ, అయ్యవారి భార్య, రాక్షసుడి పరువు కోసం రెండేళ్ళు కొండయ్యకు వడ్డించింది. రాక్షసుడి మీద ఇంత మమకారం ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు. మనుషులంటే ఆయనకు అంత పట్టింపు లేదేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక శనివారం అయ్యవారు వలి బాషా కొట్లో అద్దె సైకిలు తీసుకుని బయలుదేరాడు. దారిలో ఎవరో తుమ్మారు. ఎవరా అని వెనక్కి తిరిగి, "జలుబు ఎన్నాళ్ళ నుంచప్పా?" అని అడుగుతూనే బండల గోడను గుద్దుకున్నాడు. కాలు విరిగింది. రెండు నెలలు కట్టు. ఆట ఆగిపోయింది.

కట్టు విప్పిన రోజు డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ లేచి నడవాలి, లేకపోతే కాలు అట్లాగే బిగుసుకుపోతుంది. అయ్యవారు లేవలేదు. కాలు కింద పెట్టాలంటే భయం. ఆ భయం బయటికి చెప్పడానికి నామోషీ. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పదిరోజులయింది, పదిహేనయింది. స్కూలుకు రాజీనామా కాగితం కూడా రాసుకున్నాడు. సుశీలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మీరన్నా చెప్పండప్పా, మనిషి ఇంక లేయడేమో అని భయమైతాంది" అంది. మేం చెప్పాం. గోడతో చెప్పినట్టయింది.

ఆ శనివారం సాయంత్రం కొండయ్య మామ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏం తిన్న్యావు?" అన్నాడు.

"గంజి" అన్నాడు అయ్యవారు గోడతోనే.

"ఎన్ని గుక్కలు?"

గోడ వైపు నుంచి తల కొంచెం ఇటు తిరిగింది. "నీకెందుకు?"

"రాక్షసున్ని చేస్తాండా."

మర్నాడు మంచం వసారాలోకి తెచ్చాం. దారి గీయడానికి కొండయ్య చేతికి సుద్దముక్క లొంగలేదు. పెన్న వంకర పోయి వేంపల్లె వైపు పారింది. అయ్యవారికి ప్రాణం విలవిల్లాడింది. ఆయన జీవితంలో మొదటిసారి వీరుడయ్యాడు.

"గంజి నాలుగు గుక్కలు, కాలు సగం. నీ బలం పన్నెండు. రాక్షసునికి పదమూడు" అని కొండయ్య అందరి ముందూ పదమూడు గింజలు ఎంచి భరిణెలో వేశాడు.

అయ్యవారు మంచం మీద నుంచే గవ్వలు వేశాడు. నాలుగు పడ్డాయి. మళ్ళీ వేశాడు. ఐదు. ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. మూడోసారి ఆరుకు ఆరూ వెల్లకిలా పడ్డాయి. "సచ్చినాడు!" అని అరిచాడు వలి బాషా.

కొండయ్య భరిణెలో చెయ్యి పెట్టి నెమ్మదిగా గింజలు తీశాడు. తర్వాత భరిణె వంచాడు. అడుగున ఒక్క గింజ ఉంది.

"పదమూడు ఏసి పదహైదు తీస్తే ఒగటెట్ల మిగుల్తాదప్పా!" అని అయ్యవారు కేక పెట్టాడు.

"నన్నడిగితే? వాన్నడుగు."

"ఇది మోసం! ఇయ్యి ఆ భరిణె!" అని అయ్యవారు దిగ్గున లేచాడు. రెండు కాళ్ళ మీద లేచాడు. రెండడుగులు వేసి భరిణె అందుకోబోయాడు. కొండయ్య దాన్ని ఎత్తి పట్టుకుని వెనక్కి నడిచాడు. అయ్యవారు కుంటుకుంటూ జమ్మలమడుగు తొక్కి, పెన్న దాటి, గుహ దాకా వచ్చాకగానీ తను నిలబడి ఉన్న సంగతి గమనించలేదు.

"నడ్సినాడప్పా!" అంది సుశీలమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"మోసమే" అన్నాడు కొండయ్య. "ముప్పై ఏండ్లు గురిగింజలతో బంగారం తూచిన చెయ్యి ఇది. భరిణెలో ఎన్నుండేది నాకు తెలీదా? ఇరవై ఉన్న భరిణెలోంచి ముప్పై తీసినంక గూడా, నీ పిడికిట్లో దాపెట్టిన గింజలతో ఒగటి మిగుల్తాండె. నేను మళ్ళా ఆదివారం రావాలనే గదా?"

కొండయ్య భరిణె తెచ్చి అయ్యవారి చేతిలో పెట్టాడు.

"వచ్చే ఆదివారం ఆట మా ఇంట్లో. పొయ్యి వెలిగించినా. నడ్సుకుంటా రా."

"నాకు మొదటి నెల్లోనే తెల్సు" అన్నాడు వలి బాషా. తెలియనిది నాకొక్కడికే. రోజూ మూడు వందల ఉత్తరాలు ఎంచేవాణ్ణి, ఇరవై గింజలు ఎంచలేకపోయాను.

మరుసటి శనివారం సాయంత్రం మా వీధిలో కర్ర చప్పుడు వినిపించింది. కుంటుకుంటూ అంతదూరం వచ్చి, గుమ్మం పట్టుకుని, ఆయాసం తీర్చుకుని అయ్యవారు అడిగాడు.

"సీతాపతీ, దగ్గు తగ్గిందా?"

అది తగ్గిపోయి అప్పటికి ఏడాదయింది.

"యాడ తగ్గింది అయ్యవారా" అన్నాను, రెండుసార్లు దగ్గి.