సుగుణత్త చెప్పిన క్లైమాక్స్

మొన్నొక మధ్యాహ్నం మా ఆఫీసులో కరెంటు పోయి ఏసీ ఆగిపోయింది. మాదాపూర్‌లో ఏడో అంతస్తు, చుట్టూ అద్దాల గోడలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవుల్లో గుయ్‌మంటూ ఉండే ఆ చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి అందరం తలలెత్తి ఒకరినొకరం చూసుకున్నాం. జనరేటర్ అందుకోవడానికి కాస్తంత సేపు పట్టింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించింది నాకు. చిన్నప్పుడు ఇలాగే ఫ్యాన్ ఆగిపోయేది, టీవీ తెర మధ్యలో తెల్లటి చుక్క ఒకటి సన్నబడి ఆరిపోయేది, చీకట్లో సుగుణత్త గొంతు సవరించుకునేది. అక్కడినుంచి మిగిలిన సినిమా ఆమె నోటనే నడిచేది.

మూసాపేటలో మా అమ్మమ్మ ఇంటి గోడకు ఆనుకునే సుగుణత్త ఇల్లు. మాకు చుట్టమేమీ కాదు, గల్లీలో పిల్లలందరికీ అత్తే. పెద్దకాయం, నుదుట రూపాయంత బొట్టు, ఎంత చిన్న మాటైనా వీధి చివరికి వినపడే గొంతు. భర్త బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమె చాలా ఏళ్లు ఒక సినిమా టాకీసులో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపి, మోకాళ్ల నొప్పులతో మానేసింది. గేటు దగ్గర నిలబడే మనిషి కాబట్టి ప్రతి సినిమాకూ మొదలూ చివరా కంఠతా వచ్చు, మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఆమె ఊహ. మా గల్లీలో మొదట టీవీ కొన్నది కూడా వాళ్లే. ఆదివారం సాయంత్రం సినిమా వేళకు ఆ ముందుగదిలో చాపలు పరిచేవాళ్లు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గడప మీద, ఇంకా ఆలస్యమైనవాళ్లు కిటికీ అవతల.

ఆ రోజుల్లో కరెంటుకు సినిమా కథ బాగా తెలిసినట్టుండేది. హీరో తల్లిని కట్టేసి, విలన్ నవ్వడం మొదలుపెట్టగానే పోయేది. ఇంకో వీధిలో అయితే అందరూ విసుక్కుంటూ లేచిపోయేవాళ్లేమో. మా గల్లీలో ఒక్కరూ కదిలేవాళ్లు కాదు. సుగుణత్త కందిలి వెలిగించి టీవీ మీద పెట్టి, తెర ఉన్నచోట తాను కూర్చునేది. "ఇగ ఇనుర్రి. నడిమిట్ల ఎవ్వలు లేవొద్దు" అని మొదలుపెట్టేది. గుర్రాలకు నాలుక చప్పరించేది, కత్తియుద్ధానికి గంటెతో పళ్లెం మీద కొట్టేది, పాట వస్తే మొత్తం పాడేది. పాట మధ్యలో వచ్చే వయొలిన్లు కూడా వదిలేది కాదు. విలన్లను కాల్చి చంపడం ఆమెకు నచ్చదు. బురదలో పడేసేది, ఊరందరి ముందూ ముక్కు నేలకు రాయించేది. ఎప్పుడైనా ఎవరైనా ఆ సినిమా బయట చూసొచ్చి, "సుగుణక్కా, ఆఖర్ల హీరో సచ్చిపోయిండు గదా" అని నిలదీస్తే, ఆమె రవ్వంత కూడా తొణికేది కాదు. "మీరు చూసిన రీలుల సచ్చిండేమో. మా టాకీసుల ఏసిన రీలుల బతికే ఉండె" అనేది. గేటు దగ్గర అన్నేళ్లు నిలబడిన మనిషితో వాదించేదెవరు?

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ నన్ను తీసుకుని మూసాపేటకు వచ్చేసింది. మా నాన్న చేయి ఊరకే ఉండేది కాదు. అమ్మ ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన జాకెట్లు ఎందుకు తొడుక్కుంటుందో నాకు తెలుసు, అడిగేదాన్ని కాదు. అమ్మమ్మది జాలిగుండే గానీ భయం ఎక్కువ. "ఆడిపిల్ల ఎన్నొద్దులు తల్లిగారింట్ల ఉంటది, నలుగురు ఏమనుకుంటరు" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది. సంగారెడ్డి దిక్కున్న నాన్నవాళ్ల ఊరినుంచి కబురొచ్చింది. సోమవారం పొద్దున నాన్న, పెద్దనాయన, ఊరి పెద్దమనుషులిద్దరు వస్తున్నారు, మమ్మల్ని తీసుకుపోతారు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. బట్టల సంచీ సర్దింది. నేను ఆ సంచీ మీద కూర్చుని దిగనని మొండికేశాను. నాకు ఆ ఇంటికి పోవడం చావుకన్నా భయంగా ఉండేది. కానీ పిల్లల మాట ఎవరు వింటారు?

ఆ ముందురోజు ఆదివారం. మనసు మళ్లుతుందని సుగుణత్తే వచ్చి అమ్మను చేయిపట్టి టీవీలో సినిమాకు వాళ్లింటికి తీసుకుపోయింది. అది చాలా పాత సినిమా, నలుపు తెలుపు. భర్త అనుమానంతో వెళ్లగొడితే ఒక ఇల్లాలు కూతురితో పుట్టింటికి చేరుతుంది. చివర్లో పెద్దమనుషులు ఆమెను తీసుకుపోవడానికి బండి కట్టుకుని వస్తారు. బండి వాకిట్లో ఆగింది, ఎద్దుల మెడలో గంటలు మోగాయి, కరెంటు పోయింది. గదిలో ఎవరూ అమ్మవైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో చీకట్లో కూడా తెలిసింది నాకు.

సుగుణత్త కందిలి వెలిగించింది. ఆ రోజు గొంతు సవరించుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంది. గంటె, పళ్లెం ముట్టలేదు.

"పెద్దమనుషులొచ్చి అరుగు మీద కూసున్నరు. ఆమె లోపలికెళ్లి చెంబుతోని బయటికొచ్చింది. అందరికి నీళ్లిచ్చింది. 'ఎండల పడి వచ్చిండ్రు, నీళ్లు తాగుర్రి. నేనైతె రాను' అన్నది. గంతే."

"గంతేనా? ఏడ్వలే?" అన్నారెవరో.

"ఏడ్సుడు ముంగటనే అయిపోయింది. ఇగ ఏడ్సుడు లేదు."

చీకట్లోంచి మా అమ్మమ్మ అడిగింది, "మరి పిల్లతోని బతుకుడెట్ల?"

"మందుల కంపెనీల సీసాలకు మూతలు పెట్టే పనికి కుదిరింది. పక్కింటామె పిల్లను చూస్కుంది. పిల్ల మంచిగ సదువుకుంది. ఇగ లేవుర్రి, సినిమా అయిపోయింది."

ఎడ్లబండ్ల కాలం సినిమాలోకి మందుల కంపెనీ ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు.

తెల్లారి వాళ్లు వచ్చారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. అమ్మ నలుగురికీ నీళ్లిచ్చింది. పెద్దనాయన గ్లాసు కింద పెట్టి "ఇగ నడువమ్మా" అన్నాడు. అమ్మ ఆ గ్లాసు తీసుకుంది. "ఎండల పడి వచ్చిండ్రు. నేనైతె రాను" అంది. కేకలయ్యాయి, బెదిరింపులయ్యాయి. గోడవతల సుగుణత్త, ఆ గోడ వెంబడి గల్లీలో సగం మంది ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. కదలకుండా నిలబడ్డారు. మధ్యాహ్నానికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ నెలలోనే సుగుణత్త మొగుణ్ని సతాయించి, ఎవరెవరినో అడిగించి, అమ్మకు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఇప్పించింది. బడి నుంచి వచ్చాక నేను ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. ఆమె సినిమా కథలు చెబుతుంటే విని, నేను మళ్లీ ఆమెకే చెప్పి, తప్పులు దిద్దించుకునేదాన్ని. అలా నాకు సినిమా పిచ్చి బాగా ముదిరింది.

ఆ పిచ్చే నాకు ఉద్యోగమయింది. పాత సినిమాలు ఫోన్లలో చూసేవాళ్లకోసం తెర కింద కనిపించే మాటలు సరిచూడడం నా పని. నటులు అన్నదే రాయాలి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు. సుగుణత్త ఉంటే ఇదేం ఉద్యోగమని నవ్వేది. ఆమె పోయి కొన్నేళ్లయింది.

నిరుడు వానాకాలంలో ఆ నలుపు తెలుపు సినిమా నా దగ్గరికి వచ్చింది. మిగతావన్నీ ఆమె మార్చి చెప్పిందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఈ ఒక్కదాన్ని మాత్రం నేనెన్నడూ అనుమానించలేదు. మేం దాంట్లోనే బతికాం కదా. బండి ఆగింది, గంటలు మోగాయి. ఆ ఇల్లాలు పరుగెత్తుకొచ్చి భర్త కాళ్లమీద పడింది. తప్పంతా తనదేనంది. అతను పెద్దమనసుతో లేవనెత్తాడు. శుభం.

చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాను. ఆ సాయంత్రం కరెంటు పోకపోయి ఉంటే? అమ్మ ఈ ముగింపు చూసి ఉంటే? అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి పట్టుకుంది. అమ్మ తన బతుకంతా ఒక అబద్ధాన్ని నమ్మి నిర్ణయించుకుందా? ఇన్నేళ్లూ రెండు షిఫ్టులు, ఒంటరితనం, చుట్టాల మాటలు, అన్నీ లేని సినిమా కోసమేనా?

నల్లగండ్లలో మా ఫ్లాటుకు వచ్చేసరికి అమ్మ బాల్కనీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెప్పాలా వద్దా అని కాసేపు తచ్చాడాను. చివరికి పక్కన కూర్చుని అనేశాను.

"అమ్మా, ఆ రోజు సుగుణత్త చెప్పిన సినిమాల ఆమె మళ్ల మొగని దగ్గరికే పోతదే."

అమ్మ తల ఎత్తలేదు. "ఎరుకే" అంది.

"ఎట్లెరుక?"

"పెండ్లికి ముంగట టాకీసుల చూసిన. సుగుణక్కే తీస్కపోయింది. గేటు మూసొచ్చి నా పక్కనే కూసుంది. ఆఖర్ల ఇద్దరం మస్తు ఏడ్సినం."

"మరి ఆ రోజు ఆమె గట్ల చెప్తుంటె నువ్వేమనలే?"

"ఏమంట? అసలుది నాకెరుకని ఆమెకెరుక. అయినా మార్చి చెప్తుందంటె, నన్ను అడుగుతుందని సమజ్ అయింది. 'ఇట్లయితె నీకు మంచిదేనా, మేమున్నం' అని. రాత్రంత సోంచాయించిన. పొద్దుగాల జవాబు చెప్పిన." చిక్కుడు గింజ ఒకటి కిందపడితే వంగి తీసింది. "ఏందే, గట్ల చూస్తవ్? పరేషాన్ అయినవా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మోయలేని మూట ఏదో నా భుజాల మీంచి ఎవరో దించి పక్కన పెట్టినట్టయింది. అమ్మను ఎవరూ మాయచేయలేదు. ఆమె రెండు ముగింపులూ తెలిసే ఒకటి ఎంచుకుంది.

అందుకే ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్లెవరైనా నా ఎదుట కూర్చుంటే సలహాలు చెప్పను. ఇంకో రకంగా ఎలా జరగవచ్చో ఒక కథగా చెప్పి, తర్వాత ఎవరెవరం తోడుంటామో కూడా చెప్పి, ఊరుకుంటాను. జవాబు తెల్లారేదాకా ఆగి వాళ్లే చెబుతారు.