దండ వేయని ఫోటో

2022. ఎమ్మిగనూరు బజార్లో మా స్టూడియో. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మమ్మల్ని పోషించేది చనిపోయినవాళ్ళే. ఆధార్ కార్డులో బతికున్నవాళ్ళు కూడా పోయినవాళ్ళలాగే ఉంటారు. ఆ కార్డు పట్టుకొస్తే, నిజంగా పోయినవాళ్ళను బతికున్నట్టు చేసివ్వడం నా పని. పాత ఫోటోలు బాగుచేయడాన్ని రీస్టోరేషన్ అంటాం. బతికినన్నాళ్ళూ చొక్కాకు గుండీల్లేని పెద్దాయనకు కూడా ఫోటోలో కోటు తొడగమంటారు. తొడుగుతాం.

ఒకరోజు మధ్యాహ్నం మగ్గం నేసే సరోజమ్మ, డిగ్రీ చదివే కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో ఆరేళ్ళ పాప ఫోటో. చెమ్మ తగిలి ఒక కన్ను పూర్తిగా చెరిగిపోయింది.

"మా శైలదప్పా. కన్ను పెట్టియ్యల్ల."

"ఇంకో ఫోటో ఉందామ్మా? కన్ను యాడనుంచన్నా తెచ్చుకోవాల గదా."

"మనిషే ఉంటే ఫోటో ఎందుకు? శైలా, ఆ స్టూలు మీద కూర్చో."

పిల్లను కూర్చోబెట్టి, ఆమె పక్కంగట్లో నూలు చూసొస్తానని పోయింది. నేను లైట్లు సర్దుతూ, "చిన్నప్పుడు బాగా బొద్దుగా ఉన్నావే" అన్నాను.

"అది నేను కాదన్నా. మా అక్క. నేను పుట్టకముందే జరమొచ్చి సచ్చిపోయింది."

"మరి శైల ఎవరు?"

"ఇద్దరమూ. అక్కే తిరిగొచ్చిందని నాకూ అదే పేరు పెట్టినారు."

అక్క వంకాయ తినేది కాదంట, అందుకని ఈమెకు దాని రుచే తెలీదు. అక్కది ఎడంచేతి వాటం. "అందరిండ్లల్లో ఎడంచేతి పిల్లోల్లను కొట్టి కుడికి మారుస్తారు. నన్ను కొట్టి ఎడమకు మార్చినారన్నా" అని నవ్వింది.

"అన్నా, దండేసి ఇయ్యి. గోడ మీద దండ పడితే అక్క పోయినట్టే. అప్పుడన్నా నేను వేరే అయితానేమో."

సరోజమ్మ తిరిగొచ్చింది. అందరినీ అడిగే ప్రశ్నే, అదే గొంతుతో అడిగినాను. "దండ ప్రింటులోనే వేసేయాల్నా, ప్లెయిన్‌గా ఇయ్యాల్నా?"

"కండ్లు కనపడవా అప్పా నీకు? ఎదురుగా కూర్చున్న పిల్లకు దండేస్తావా?"

"ఈ పాప వేరే గదమ్మా."

"కన్నది నువ్వా, నేనా?"

నేను కెమెరా అందుకున్నాను. తలొంచుకున్న పిల్లను తలెత్తమని, ఒక ఫోటో తీసుకున్నాను.

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో క్లోన్ స్టాంప్ అని ఒక టూల్ ఉంది. బాగున్న చోటునుంచి చర్మమో, వెంట్రుకో, కన్నో తీసి పాడైన చోట అద్దుతుంది. చెల్లెలి కన్ను తీసి అక్కకు పెట్టినాను. అతుకు కూడా తెలీలేదు. ఇంత బాగా కుదిరిన పని ముందెప్పుడూ చేయలేదు, చేయకపోయినా బాగుండేది.

ఫ్రేము కట్టిచ్చినాక సరోజమ్మ ఆ కన్నునే తడుముతా నిలబడింది. ఫ్రేము చేతిలోంచి జారింది. కింద పడకముందే పిల్ల ఒడిసి పట్టుకుంది, కుడిచేత్తో.

"శైలా" అనింది తల్లి, మెల్లగా.

ఆ పిల్ల ఫ్రేమును ఎడంచేతికి మార్చుకొని, తల్లి వెనకాల మెట్లు దిగిపోయింది.

నాకు ఈ పని నేర్పినాయన మొదటిరోజే చెప్పినాడు: క్లోన్ స్టాంప్‌తో ఎంత తీసుకున్నా, తీసుకున్న చోట ఏమీ తగ్గదు అని. అది కంప్యూటర్‌లో మాత్రమేనని ఈ పిల్లను చూసినాక తెలిసింది.