పాముల కోసం తెచ్చిన తుపాకి

మా బావ చనిపోయాడని ధ్రువీకరించే కాగితాన్ని గత నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం సౌదీలోని బురైదాలో ఒక ఆస్పత్రిలో నా చేతికిచ్చారు. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం, కారణం పాముకాటు. వయసు యాభై మూడు. వృత్తి తోట కూలీ. సంతకం పెట్టేముందు రెండుసార్లు చదివాను. అది వృత్తిలో పడ్డ అలవాటు. తప్పుల్లేవు. పేరులో అక్షరం కూడా సరిగ్గానే పడింది. కానీ ఆ కాగితంలో తుపాకి లేదు.

ఇరవై రెండేళ్లుగా రియాద్‌లో ఉండి తెలుగు పత్రికకు వార్తలు రాస్తున్నాను. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. వాటిలో ఉన్నది రాశాను. ఈసారి లేనిది రాయాల్సి వచ్చింది. ఆయన మా పెద్దక్క భర్త.

బావది జగిత్యాల దగ్గర ఊరు. బురైదాకు పడమట ఒక ఖర్జూర తోటలో పద్నాలుగేళ్లు పనిచేశాడు. ఒకే తోట, ఒకే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. చెట్లకు నీళ్లు పెట్టడం, గొర్రెలను చూసుకోవడం, మోటారు బాగుచేయడం అన్నీ ఆయనే. నా వార్తలను ఫోన్లో చదివి తప్పులు పట్టడం ఆయనకు ఇష్టమైన పని. వాయిస్ మెసేజ్ పెట్టేవాడు.

"బామ్మర్దీ, ఖర్జూరం కోత ఆగస్టుల మొదలైతదని రాసినవ్. మా తోటల జులై ఆఖర్లనే నిచ్చెనెక్కినం. ఏసీ రూముల కూసోని రాస్తె గిట్లనే ఉంటది."

నేను విలేకరినన్న గౌరవం ఆయనకు ఏ కోశానా లేదు. కానీ నేను రాసిన ప్రతిదీ చదివేవాడు.

తోటలో ఆయనతో నడిచినవాళ్లకు ఆయన కర్ర గుర్తుంటుంది. అడుగు వేసేముందు నేల మీద రెండుసార్లు తట్టేవాడు. ఎందుకని అడిగితే, "ఎవలింటికన్న పోతె తలుపు కొట్టమా? ఇది వాండ్ల ఇల్లు," అన్నాడు. వాండ్లు అంటే పాములు. బూట్లు వేసుకునేముందు రెండుసార్లు దులిపేవాడు. "ఒకసారి దులిపితె తేలు పడ్తది. రెండోసారి దులిపితె మన భయం పడ్తది." పద్నాలుగేళ్లలో, చివరి వారం దాకా, ఆయన ఒక్క పామునూ చంపలేదు. ఎదురుపడితే ఆగి, "పక్కకు జరుగు తల్లీ, పనున్నది," అనేవాడు.

పోయినేడు ఎండలు ముదిరే ముందు, పక్క తోటలో ఒక సూడానీ కాపరి ఇసుకలో కొమ్ముల పామును తొక్కాడు. ప్రాణం దక్కింది, రెండు కాలివేళ్లు పోయాయి. బావ కఫీల్ ముసలాయన. ఆ కాపరిని చూసొచ్చి భయపడ్డాడు. మర్నాడు తన రివాల్వర్ తెచ్చి, పంపు గదిలో ఇనప పెట్టెలో పెట్టి, తాళంచెవి బావ చేతికిచ్చాడు.

సౌదీలో విదేశీయుడి చేతిలో తుపాకి కనిపిస్తే ఏమవుతుందో ఇక్కడి కూలీలకు ఒకరు చెప్పక్కర్లేదు. లైసెన్స్ కఫీల్‌ది. చెయ్యి బావది.

ఆ రోజే నాకు వీడియో కాల్ చేశాడు. అరచేతిలో తూటాలు చూపించాడు. మామూలు తూటా కొనకు బదులు నీలం ప్లాస్టిక్ డొప్ప, దాని లోపల ఆవగింజలంత సీసపు గింజలు. పేలిస్తే ఆ గింజలు చెదిరి పాము మీద పడతాయి. గురి కొంచెం తప్పినా తగులుతాయి.

"ఇది పనిచేస్తదా? నువ్వు పేపరోనివి గదా, కనుక్కొని చెప్పు."

"ముందు అది తిరిగిచ్చెయ్ బావా."

"ఇచ్చిన. 'నీ కోసం కాదు, ఇక్కడ పండుకునేటోళ్ల కోసం' అన్నడు. పదమూడేండ్ల సంది అన్నం వెట్టినోడు, ఏమంట? పాము కాటుకన్న మందుంది బామ్మర్దీ. ఇది నా చేతిల దొరికితె మందు లేదు."

రియాద్‌లో నాతో పనిచేసే ఒక సౌదీ మిత్రుడికి వేట అలవాటుంది. ఆయన్ను అడిగి బావకు చెప్పాను. పొట్టి గొట్టం నుంచి వచ్చే గింజలకు ఆరడుగుల లోపలే బలం ఉంటుంది. పదడుగుల దగ్గర చెదిరిపోతాయి, పాము గాయపడుతుంది కానీ చావదు. రాతి నేల మీద కాల్చకూడదు, గింజలు ఎగిరి కంట్లో పడతాయి. బావ ఊరికే నమ్మే మనిషి కాదు. కఫీల్ ఉండగానే ఖాళీ ఖర్జూరపు అట్టపెట్టెను గోడకు ఆనించి రెండు కాల్చి చూశాడట. ఆరడుగుల నుంచి అరచేయంత చోట జల్లెడ పడింది. పదడుగుల నుంచి పెట్టె నిండా అక్కడొకటి ఇక్కడొకటి చిల్లులు.

"నువ్వు చెప్పింది కరెక్టే," అన్నాడు. అదే మొదటిసారి, అదే చివరిసారి. తర్వాత అడిగాడు: "అంటె ఆరడుగుల దగ్గరికి నేనే పోవాలె?"

"అవును."

"పోయి కాల్చాలె."

"అవును బావా."

"గవే ఆరడుగులు ఎనకకు నడిస్తె కాల్చుడే లేదు గదా. గీ దానికి తుపాకెందుకు, కాళ్లున్నయి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన అడిగినవాటికి జవాబులన్నీ చెప్పాననుకున్నాను. అడగనిది ఒకటి చెప్పలేదు. చచ్చిన పాము కూడా కరుస్తుంది. తల తెగినా కొంతసేపు దవడలు పనిచేస్తాయి. ఈ సంగతి నాకు తెలుసు, ఎప్పుడో ఒక వార్తలో రాశాను కూడా. ఆ రోజు తట్టలేదు. పాములను చంపని మనిషికి చచ్చిన పాముతో పనేముంటుంది?

గత నెల ఆ బుధవారానికి రెండు రోజుల ముందు, సోమవారం ఉదయం ఏం జరిగిందో బావ ఫోన్లో కొంత చెప్పాడు, తోటలో ఆయనతో ఉండే బంగ్లాదేశీ జమాల్ మిగతాది చెప్పాడు. ఇద్దరి మాటా సరిపోయింది.

జమాల్ జ్వరంతో దాణా గదిలో కింద పడుకున్నాడు. తెల్లవారాక బావ అతనికి టీ తీసుకెళ్లాడు. జమాల్ పాదాలకు అవతల, గోడ మూలలో, నల్లగా నిగనిగలాడుతూ పాము. లేపితే జమాల్ ముందు కాళ్లే కదిలిస్తాడు. వెనక్కు నడిచి వెళ్లిపోవడానికి అక్కడ ఉన్నది బావ ఒక్కడే కాదు. టీ గ్లాసు గుమ్మంలో పెట్టి, పంపు గదికి వెళ్లి పెట్టె తెరిచాడు. తిరిగొచ్చి, గొట్టం జమాల్ వైపు రాకుండా పక్కకు జరిగి, ఐదడుగుల దూరంలో నిలబడి కాల్చాడు.

పాము అక్కడే పడిపోయింది. రెండు గింజలు దుప్పటి అంచులో దిగాయి. జమాల్ నాకు చూపించాడు. అతని ఒంటికి గీత పడలేదు. ఇది స్పష్టంగా రాయాలి: తుపాకి పనిచేసింది. ఒక మనిషిని బతికించింది.

ఆ పామును పారతో ఎత్తి గోడ అవతల వేస్తే కథ అయిపోయేది. జమాల్ అదే అన్నాడు: "ఛోడ్ దో భాయ్, బాహర్ ఫేంక్ దో."

మా వైపు నాగుపామును చంపితే అలా పారేయరు. పాలు పోసి, దహనం చేసి, దండం పెట్టుకుంటారు. చేయకపోతే ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లకు తగులుతుందని నమ్మకం. బావ చిన్న కూతురికి ఏడో నెల. దీనికి పడగే లేదు, నాగు కాదు అని జమాల్ వాదించాడట. "పడగ లేకుంటేంది, నలుపు సూడు. నా బిడ్డ వొట్టి మనిషి గాదు," అన్నాడట బావ, తనకొచ్చిన హిందీలో.

ఎండు ఖర్జూరపు మట్టలు పేర్చాడు. పొడిపాలు కలిపాడు. పామును కర్రతో ఈడ్చడం అమర్యాద అనుకున్నాడేమో, కుడిచేత్తో మెడ కింద పట్టి ఎత్తాడు. బొటనవేలి మొదట్లో రెండు చుక్కలు పడ్డాయి.

"తేలు కుట్టినంత గూడ లేదు," అన్నాడు నాతో. కాటు పడ్డ చేత్తోనే అగ్గిపుల్ల గీశాడు. పాము కాలేదాకా ఆగాడు. తర్వాత రివాల్వర్‌ను నూనెగుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, తాళం వేశాడు. అంబులెన్స్ వెంట పోలీసులు వస్తారేమో, ముందు ఆ పెట్టె తోట దాటాలి అనుకున్నాడు. కఫీల్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలేదు. జమాల్ బతిమాలాడు, తిట్టాడు. బావ గేటు దగ్గర కూర్చుని కఫీల్ బండి కోసం ఎదురు చూశాడు.

నాకు ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసుకు బయల్దేరుతున్నాను.

"బామ్మర్దీ, రెప్పలు బరువైతున్నయి. నిద్ర గాదు."

"ఎప్పుడు కరిచింది?"

"గంటైంది."

"గంటా! ఏం చేస్తున్నవ్ బావా ఇంతసేపు?"

"పెట్టె..."

"పెట్టె సంగతి వదిలెయ్. జమాల్‌కు ఫోనియ్యి. బండెక్కు."

"పోలీసోళ్లు అడిగితె—"

"ఎవ్వరూ అడగరు! బండెక్కు!"

అంత గట్టిగా ఆయన మీద నేనెప్పుడూ అరవలేదు. జమాల్ పికప్ తీశాడు. ఆస్పత్రికి యాభై నిమిషాలు. స్పీకర్ పెట్టమన్నాను. నేనూ కారు తీశాను, నాకు మూడున్నర గంటల దారి. సగం దూరం దాకా బావ మాట్లాడాడు, మాట ముద్దగా వస్తోంది. తర్వాత జమాల్ గొంతు ఒక్కటే: "భాయ్, సాఁస్ లో. భాయ్, సాఁస్ లో." ఊపిరి తీసుకో అని. హైవే మీద ఒంటె బొమ్మల హెచ్చరిక పలకలు పోతూ ఉన్నాయి. నా చేతిలో స్టీరింగ్ తప్ప ఏమీ లేదు.

నేను చేరేసరికి గొంతులో గొట్టం వేసి యంత్రంతో ఊపిరి నడిపిస్తున్నారు. అక్కడి మత్తు డాక్టరమ్మది గుంటూరు. తెలుగు వినగానే నన్ను పక్కకు పిలిచారు.

"విరుగుడు ఇచ్చామండీ. కానీ లేటయిపోయింది. నరానికీ కండకీ మధ్య విషం పట్టుకున్నాక మందుకి అంత తేలిగ్గా వదలదు. దారిలో ఊపిరి తగ్గిపోయి గుండె కూడా దెబ్బతింది. రెండ్రోజులు చూడాలి." తలుపు దగ్గర ఆగి మళ్లీ అన్నారు: "ఆయన నిద్రపోవట్లేదండీ. రెప్ప ఎత్తలేకపోతున్నారు, అంతే. అన్నీ వినపడతాయి. మంచం పక్కన ఏడవకండి."

ఏ పామని అడిగారు. చూపించడానికి బూడిద తప్ప ఏమీ లేదు. ఎప్పుడు కరిచిందని అడిగారు. ఏం తిన్నాడని అడిగారు. ఆ రెండు రోజుల్లో డాక్టర్లు గానీ, నర్సులు గానీ, కాగితాలు రాసుకున్న పోలీసు గానీ తుపాకి మాట ఎత్తలేదు. ఒక్కరు కూడా. గల్ఫ్‌లో ఇది చదువుతున్నవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. మా బావ ఒక గంట దేనికోసం పోగొట్టుకున్నాడో, దాన్ని ఎవరూ అడగలేదు.

కఫీల్ సాయంత్రం వచ్చాడు. మసీదులో ఉండగా ఫోన్ శబ్దం తీసేశానని, తర్వాత మరిచిపోయానని చెప్పాడు. అద్దం లోంచి బావను చూసి గోడకు చేరగిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని హిందీలో, "సాంప్. బస్ సాంప్," అన్నాడు. పాము, పాము ఒక్కటే. నేను తలూపాను. బావ ఇంకా మంచం మీద ఉన్నాడు, బతికితే మళ్లీ అదే తోటకు పోవాలి. మొన్న కఫీలే పోలీసులకు అన్నీ చెప్పి రివాల్వర్ అప్పగించాడని జమాల్ ఫోన్ చేశాడు. జమాల్‌ను సాక్షిగా మాత్రమే అడిగారట. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

బుధవారానికి బావ ఒంట్లో కదిలేది ఎడమకాలి బొటనవేలు ఒక్కటే. అవును అంటే ఒకసారి, కాదు అంటే రెండుసార్లు. డాక్టరమ్మ నేర్పారు. నొప్పి ఉందా అంటే రెండుసార్లు కదిలింది. బిడ్డ బాగుంది, ఏ దోషమూ తగల్లేదు అన్నాను. చాలాసేపటికి ఒకసారి కదిలింది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవి వైపు జారాయి. నర్సు తుడిచింది.

పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. ఏడవొద్దని ముందే చెప్పాను. ఫోన్‌ను ఆయన చెవి పక్కన దిండు మీద పెట్టి, నేను మంచం చివర వేలు చూస్తూ నిలబడ్డాను.

అక్క ఏడవలేదు. గొంతు సవరించుకుని తిట్లు లంకించుకుంది. "పాముకు పాలు పోసెటోనివి, ఒక్కనాడన్న నాకు చాయ పోసినవా? నువ్వు తెచ్చిన మిక్సీ కాలిపోయింది. తిడ్తవని నెల సంది చెప్పలే. ఇప్పుడు తిట్టు సూస్త." వేలు కదిలింది. బర్రె ఈనిందని, దూడ తల్లి లెక్కనే మొండిదని చెప్పింది. కదిలింది. చిన్నదానికి చింతకాయ తొక్కు మీదనే పాణం ఉందని, కొడుకు పుడితే ఈయన పేరు పెట్టనియ్యనని, ఆ పేరు పిల్వలేక తాను ముప్పయ్యేండ్లు సచ్చిందని చెప్పింది. కదిలింది.

గోడకు సున్నం వేయించాలని చెబుతుండగా వేలు కదల్లేదు. ఇంకో మాట దాకా చూశాను. చేత్తో పాదాన్ని తాకాను, చల్లగా ఉంది. తెర మీద గీత నడుస్తూనే ఉంది. ఇంకో రెండు గంటలు నడిచింది.

"తమ్మీ," అంది అక్క. "ఇంటున్నడా?"

డాక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఇంటున్నడక్కా. చెప్పు."

"ఏ రంగెయ్యాల్నో అడుగు," అంది అక్క.